ఇరవై ఆరు వేళ్ళ అంచు

పెళ్ళిలో నా తలమీద జీలకర్రా బెల్లం పెట్టారు. సరిగ్గా పద్దెనిమిదో రోజున ప్రభుత్వంవారు తాటాకు టోపీ పెట్టారు. మొదటిది తలంటుకుంటే పోయింది.

చెప్పవలసింది ఈ రెండో దాని గురించే. కానీ మా ఆయన గురించి ముందు నాలుగు మాటలు చెప్పకపోతే నాకు తోచదు. ఆయన పేరు తారకేశ్వరరావు. గంగన్నపేట జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఇడ్లీని నాలుగు సమానమైన ముక్కలు చేసుకుని తింటారు. మా పిన్ని పెళ్ళికిచ్చిన రెండు స్టీలు గ్లాసుల్లో ఒకదానిమీద ఆయన పేరు, ఒకదానిమీద నా పేరు చెక్కించింది. ఆయన తన పేరున్న గ్లాసులో నాకు కాఫీ పోసి, నా పేరున్నది తను తీసుకుంటారు. ఇవన్నీ నేను ఆదివారాల్లోనే కనిపెట్టాను. మిగతా ఆరు రోజులూ ఆయన గంగన్నపేటలో, నేను జిల్లా కేంద్రంలో. మధ్యలో నాలుగు గంటల బస్సు.

నేను పల్లె హస్తకళల ప్రోత్సాహక మండలి ప్రాంతీయ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. గంగన్నపేటలో మా మండలికి ఒక ఉపశాఖ ఉంది. అందులో అచ్చం నా కుర్చీ లాంటి కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. భార్యాభర్తలు ఒకేచోట పనిచేసే వెసులుబాటు కింద నన్ను అక్కడికి బదిలీ చేయమని, పసుపుతాడు తడి ఆరకముందే దరఖాస్తు పెట్టుకున్నాను. మూడో పేజీలో పసుపు మరక ఉన్నదని అది ఒకసారి తిరిగొచ్చింది. మళ్ళీ రాసిచ్చాను. దానిమీద మా డిప్యూటీ డైరెక్టర్ గారి సంతకం ఒక్కటి పడితే చాలు. కాకపోతే మే ముప్పై ఒకటిలోగా పడాలి. జూన్ ఒకటి నుంచి బదిలీల మీద నిషేధం. ఆ తేదీ దాటితే ఇంకో ఏడాది నాకు ఆదివారాలే గతి.

ఆ ఫైలు సూపరింటెండెంటు గారి బల్లమీద ఉండగానే ఈ ఉత్తర్వు వచ్చింది.

"సంప్రదాయ అల్లిక కళను పరిరక్షించు నిమిత్తమున్నూ, కార్యాలయములందు హోదాల నడుమ నెలకొనియున్న అస్పష్టతను తొలగించు నిమిత్తమున్నూ, సిబ్బంది యావన్మందియు తాటాకుతో అల్లిన శిరోవేష్టనము ధరించి విధులకు హాజరు కావలెను. దాని అంచు వెడల్పు ధరించువారి హోదాను అనుసరించి ఉండవలెను." టోపీ అనే మాట ఎక్కడా వాడకూడదని కింద గమనిక ఉంది. అటెండరుకి రెండు వేళ్ళ అంచు. మాలాంటి వాళ్ళకి బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళు. సూపరింటెండెంటుకి జానెడు, పన్నెండు వేళ్ళు. డిప్యూటీ డైరెక్టరుకి మూరెడు, ఇరవై నాలుగు వేళ్ళు.

ఎవరి వేళ్ళు అన్నది ఉత్తర్వులో లేదు. దానిమీద ఒక పూట సమావేశం జరిగింది. చివరికి, వేళ్ళకి సిరా అంటని ఉద్యోగి ఆఫీసు మొత్తంలో ఆయనొక్కరే కాబట్టి, అటెండరు సింహాద్రి గారి వేళ్ళు ప్రమాణంగా తీర్మానించారు. ఇంకో రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి. ఆ సాయంత్రం తన చేతుల్ని తనే కొత్తగా చూసుకుంటూ ఇంటికి వెళ్ళారు.

అల్లడానికి మనిషి కావాలంటే, తమ ఊళ్ళో పైడమ్మ అని ఉందని, తనకి అత్త వరస అవుతుందని సింహాద్రి గారే చెప్పారు. మర్నాడు ఆమె వచ్చి వరండాలో గోడకానుకుని కూర్చుంది. ఆకు కోసి మూడు రోజులు ఎండలో పెట్టాలంది. తరవాత రెండు రాత్రులు మంచులో ఉంచి, మళ్ళీ ఎండబెట్టి, అప్పుడు చీలికలు తీసి అల్లాలంది. తను నెత్తిమీద పెట్టుకుని వరినాట్లకి వెళ్ళే టోపీని అలాగే అల్లుకుందట. ఏడేళ్ళయిందట.

మా సూపరింటెండెంటు మంగతాయారు గారికి ఇది నచ్చలేదు. శిరోవేష్టనాల ప్రారంభోత్సవం ఎల్లుండే. పైగా ఎండిన ఆకు వెలవెలబోతూ ఉంటుంది, పచ్చాకయితే ఫోటోల్లో నిగనిగలాడుతుంది అన్నారు ఆవిడ.

"పచ్చాకుతో అల్లితే రెన్నెల్లు తిరక్కండా ముడుసుకుపోద్ది బాబూ," అంది పైడమ్మ.

డిప్యూటీ డైరెక్టర్ పట్టాభిరామయ్య గారు ఉత్తర్వుని రెండు వైపులా తిప్పి చూశారు. ఆయన ముప్పై ఏళ్ళుగా హస్తకళల్లోనే ఉన్నారు.

"ముడుచుకొనుటకు ఇందులో అవకాశం కల్పించబడలేదు," అన్నారు.

అలాగైతే అల్లేస్తానంది పైడమ్మ.

ప్రారంభోత్సవం రోజున అందరం పచ్చగా నిగనిగలాడుతూ ఫోటో దిగాం. పట్టాభిరామయ్య గారి మూరెడు అంచు నీడలో ముగ్గురు ఉద్యోగుల మొహాలు కనిపించలేదు. ఫోటో కింద వాళ్ళ పేర్లు వేశారు.

చిక్కు లోపలికి వెళ్ళేటప్పుడు వచ్చింది. ఆఫీసు తలుపు మూడడుగులు. ఆయన శిరోవేష్టనం ఈ అంచు నుంచి ఆ అంచుకి మూడున్నర దాటింది. తలని ఓ పక్కకి, చెవి భుజానికి ఆనేలా వంచి ఆయన లోపలికి వెళ్ళారు. గుమ్మం పక్కన సింహాద్రి గారు నిలబడి ఉన్నారు. అధికారి అటెండరు ముందు తల వంచినట్టయిందని మంగతాయారు గారు బాధపడ్డారు. సాయంత్రానికి మెమో వచ్చింది. అది తల వంచుట కాదని, దానిని ప్రవేశ కోణము అనవలెనని, సదరు కోణము నలభై అయిదు డిగ్రీలకు తగ్గరాదని అందులో ఉంది.

ఆ ఆదివారం మా ఆయన బస్సు టికెట్టు వెనక లెక్క కట్టారు. ముప్పై మూడు డిగ్రీలు చాలు, పెద్దాయన మెడ పట్టేస్తుంది పాపం, అన్నారు. సోమవారం నేను ఆ సంగతి నోటు పెట్టాను. "సాంకేతిక అభిప్రాయము కోరబడలేదు" అని రాసి తిప్పి పంపారు. టికెట్టు మాత్రం నా దగ్గరే ఉంది. ఆయన సైను, కొసైను రాసే తీరు ముద్దుగా ఉంటుంది.

ఇక అంచు అడ్డం వచ్చి ఎవరూ పట్టాభిరామయ్య గారి దగ్గరికి వెళ్ళలేకపోయారు. కిటికీ తెర కట్టే కర్రకి చివర క్లిప్పు బిగించి ఫైళ్ళు దాంతో అందించడం మొదలుపెట్టాం. మంగతాయారు గారు ఆయనతో గోప్యమైన విషయాలు చెప్పాలంటే గది ఈ చివర నిలబడి గట్టిగా చెప్పేవారు. అవి విన్నవాళ్ళు విననట్టు భావించబడుదురని ఇంకో మెమో.

నా నాలుగు వేళ్ళ అంచుతో నాకు ఇబ్బందేమీ ఉండేది కాదు. నాలుగు వేళ్ళు ఎంతంటే, చెవిలో రహస్యం చెప్పాలనుకున్నవాళ్ళు దాన్ని ఒక్క వేలితో పైకెత్తాలి, అంతే. ఆదివారాల్లో మా ఆయన ఎత్తేవారు. చెప్పడానికి రహస్యమంటూ ఏమీ ఉండేది కాదు.

ఏప్రిల్ నడిమధ్యలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి, తరవాతదంతా దానిమీదే ఆధారపడింది కాబట్టి. ఓ రోజు జీపు దిగుతుంటే గాలికి పట్టాభిరామయ్య గారి శిరోవేష్టనం ఎగిరి మురిక్కాలవలో పడింది. ఆయన వట్టి తలతో గేటు దగ్గరికొచ్చారు. అంచు లేనివాళ్ళు సందర్శకుల కిందికి వస్తారని, సందర్శకులకి మూడు తరవాతే ప్రవేశమని సింహాద్రి గారు వినయంగా చెప్పారు. పట్టాభిరామయ్య గారు రూలు చదివించుకుని, వరండా బెంచీమీద మూడింటిదాకా కూర్చున్నారు. ఊరికే కూర్చోవడమెందుకని తన జీపుకి కొత్త టైర్లు కావాలని అర్జీ రాసుకున్నారు. మూడింటికి శిరోవేష్టనం కడిగి తెచ్చారు. అది పెట్టుకుని, లోపలికి వెళ్ళి, ఆ అర్జీ స్వీకరించి, పరిశీలిస్తామని రాశారు.

ఆయనకి కోపం రాలేదు. సింహాద్రి గారిని మెచ్చుకుని, ఆ పూటే సర్క్యులర్ జారీ చేశారు. "హోదా మనిషిది కాదు, అంచుది. ఇకపై ప్రతి సంతకము పక్కన ఆ క్షణమున ఉన్న అంచు వెడల్పు వేళ్ళలో నమోదు కావలెను. బదిలీ వంటి ముఖ్య విషయములకు ఇరవై నాలుగు వేళ్ళకు తగ్గని అంచు అవసరము. ప్రాంగణమున ఏ సమయమున ఎవరి అంచు అందరికంటె వెడల్పో, ఆ సమయమునకు వారే కార్యాలయాధికారి."

ఆ రోజు నుంచి ప్రతి సంతకానికీ సింహాద్రి గారు వచ్చి వేళ్ళు వేసి కొలిచేవారు. ఒకసారి ఆయన చూపుడువేలికి గోరుచుట్టు లేచి వాచింది. ఆ వారమంతా ఆఫీసులో అందరి హోదా కొంచెం కొంచెం తగ్గింది. పసుపూ నిమ్మకాయా నేనే తెచ్చి కట్టాను. ఆయన మంచి కోసమే, కానీ నా ఫైలు కోసం కూడా.

మే నెల వచ్చింది. ఎండలు ముదిరాయి. టోపీల పచ్చదనం పోయింది, తరవాత నునుపు పోయింది, తరవాత అంచులు లోపలికి చుట్టుకోవడం మొదలుపెట్టాయి. మొదటి వారంలో మా జూనియర్లందరం రెండు వేళ్ళకి దిగి అటెండర్లమయ్యాం. ఆఫీసులో ఇప్పుడు అటెండర్లు తొమ్మిది మంది. టీ తేవడానికి వంతులు వేసుకున్నాం. మంగతాయారు గారు జానెడు కాపాడుకోవడానికి తలమీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నారు. రెండ్రోజులు బాగానే విచ్చుకుంది. మూడో రోజుకి బూజు పట్టింది. బూజు వెడల్పుని అంచు కొలతలో కలపవచ్చునా అని స్పష్టత కోరుతూ ఆవిడ పైకి రాశారు. ఒకటి మటుకు ఒప్పుకోవాలి. ఆవిడ అంచు పన్నెండు వేళ్ళ దగ్గర నిలబడింది, బూజుతో కలిపి.

మే ఇరవయ్యో తేదీన నా ఫైలు కర్ర చివర వేలాడుతూ పట్టాభిరామయ్య గారి బల్లమీద దిగింది. ఆయన కలం తీశారు. సింహాద్రి గారు వచ్చి వేళ్ళు వేశారు. ఒకసారి లెక్కపెట్టి, నా మొహం చూసి, ఇంకోసారి లెక్కపెట్టారు.

పదకొండు.

"సంతకం పెట్టాలని నాకు లేక కాదమ్మా," అన్నారు పట్టాభిరామయ్య గారు. "కానీ నేనిప్పుడు మంగతాయారు గారికంటే ఒక వేలు తక్కువ."

మంగతాయారు గారు బూజు సర్దుకుని కూర్చున్నారు. కానీ ఆవిడకీ ఇరవై నాలుగు లేవు. తగిన అధికారితో సంతకం చేయించవలసిందని ఫైలుని ప్రధాన కార్యాలయానికి పంపారు. వారంలో అది తిరిగొచ్చింది. "ఈ కార్యాలయమున సైతం తగు వెడల్పు గల అధికారి లేనందున ఈ లేఖ సంతకము లేకుండా పంపబడుచున్నది. దీనిని అందినట్లుగా భావించరాదు" అని దానికి తగిలించిన కాగితం మీద ఉంది. మేం అందినట్టు భావించలేదు. కానీ అప్పటికి మే ఇరవై ఏడు.

ఆ రాత్రి ఫోనులో మా ఆయన ఎంతో నింపాదిగా, ఏడాదంటే యాభై రెండు ఆదివారాలే కదా అన్నారు. ఇంకాసేపటికి, లీపు సంవత్సరం కాదు, నయం, అన్నారు. లెక్కలతో ఓదార్చే మనిషికి ఏడుపు వినబడకూడదని ఫోను పెట్టేశాను.

మర్నాడు, అంచులు ఎందుకు ముడుచుకున్నాయో తేల్చడానికి, సంకోచ విచారణ సంఘం కూర్చుంది. బాధ్యతలు పెరగడం వల్ల అధికారుల తలలు పెరిగి అంచు చిన్నదిగా కనిపిస్తోందేమోనని పట్టాభిరామయ్య గారు అన్నారు. సిబ్బందిలో క్రమశిక్షణ సడలడం వల్ల ఆకుకి బెదురు లేకుండా పోయిందని మంగతాయారు గారి వాదన. ఆకు ఎండింది అని నేనన్నాను. ఆకు విషయమై కింది స్థాయి సిబ్బంది వ్యాఖ్యానించరాదని నమోదు చేసుకున్నారు. చివరికి నేరం అల్లినదానిదేనని తేల్చి, మే ముప్పై ఒకటి ఉదయం పదకొండింటికి కార్యాలయాధికారి ఎదుట హాజరై సంజాయిషీ ఇవ్వవలసిందని పైడమ్మకి నోటీసు పంపారు.

ముప్పై ఒకటో తేదీన మా ఆయన సెలవు పెట్టి వచ్చేశారు. చేసేదేమీ లేకపోయినా పక్కన ఉంటానన్నారు. టిఫిన్ క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని వరండా బెంచీమీద, ఇదివరకు పట్టాభిరామయ్య గారు కూర్చున్న చోటే కూర్చున్నారు. కింది గిన్నెలో అరటికాయ వేపుడు ఉందని, తనే చేశానని, కొంచెం మాడిందని కిటికీలోంచి చెప్పారు.

పదకొండు కొట్టేసరికి పైడమ్మ పొలం గట్టు నుంచి తిన్నగా వచ్చింది. నెత్తిమీద ఆమె ఏడేళ్ళ టోపీ. వంగి నాట్లేస్తుంటే వీపు కూడా తడవకూడదని అల్లుకున్నది. ఎండకి తెల్లబడింది గానీ ఎక్కడా ముడత లేదు.

గేటు దగ్గర సింహాద్రి గారు తన డ్యూటీ ప్రకారం వేళ్ళు వేశారు. సగంలో ఆగారు. మొదటినుంచి మళ్ళీ వేశారు. తరవాత చొక్కా బొత్తాలు పెట్టుకుని, మడమలు దగ్గరికి చేర్చి సలాం కొట్టారు.

"ఇరవై ఆరు," అన్నారు. "లోపలికి దయచెయ్యండత్తా."

"దయచెయ్యడమేట్రా, ఎప్పుడూ రాయే అంటావు గదా," అంటూ ఆమె లోపలికి వచ్చింది. గుమ్మం దగ్గర తల కొంచెం పక్కకి వంచింది. నేను చూశాను. ముప్పై మూడు డిగ్రీలూ, ఆ పై రెండు వేళ్ళకి ఇంకొంచెం, అంతే.

ఆఫీసు లేచి నిలబడింది. పట్టాభిరామయ్య గారు తన సర్క్యులర్ తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తన కుర్చీని తనే వెనక్కి లాగి, తుడిచి, పక్కకి తప్పుకున్నారు. ఆయన ఎలాంటివారైనా, రూలు తనకి వేరు, ఇంకొకరికి వేరు అనే మనిషి మాత్రం కాదు.

పైడమ్మ కూర్చుని మంచినీళ్ళడిగింది. ఆ పూట టీనీళ్ళ వంతు మంగతాయారు గారిది కాదు. అయినా ఆవిడే తెచ్చారు. కార్యాలయాధికారి ఎదుట సంజాయిషీ ఇవ్వాలని నోటీసులో ఉంది కాబట్టి, ప్రస్తుతం ఆ అధికారి ఆమే కాబట్టి, ఆమె ఆమెకే సంజాయిషీ చెప్పుకోవాలని పట్టాభిరామయ్య గారు వివరించారు. పైడమ్మ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"సెప్పుకున్నాను. నా తప్పేటీ లేదు."

సంజాయిషీ అంగీకరించబడినది అని మంగతాయారు గారు రాసుకున్నారు.

అప్పుడు నాకెక్కడి ధైర్యం వచ్చిందో తెలీదు. కర్ర తీసుకోకుండా, నా చేత్తోనే, ఫైలు తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఏటమ్మా ఇది అని అడిగింది. బదిలీ, నిషేధం, పదకొండు వేళ్ళు, ఆదివారాలు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గ్లాసుల సంగతి కూడా చెప్పేశాననుకుంటా. ఆమె కిటికీలోంచి వరండాలోకి చూసింది.

"ఒళ్ళో కేరేజీ ఎట్టుకున్నాడు, ఆ బాబేనా?"

ఔనన్నాను.

ఆమె గదిలో నిలబడ్డ అందరినీ ఒకరి తరవాత ఒకరిని చూసింది. "పెళ్ళయ్యి మూడు నెల్లు కానేదు. ఇంతమంది కూకుని ఇన్నాళ్ళు ఏటి సేత్తన్నారు?"

దానికి నిర్ణీత నమూనాలో జవాబు లేదు.

సిరా దిండు జరిపాను. ఆకు చీల్చి చీల్చి ఆమె బొటనవేలినిండా సన్నని గీతలు పడి ఉన్నాయి. అవన్నీ కాగితం మీద దిగాయి. సంతకం చేతితో చేసినదై ఉండవలెనని రూలు. ఇది చేత్తో చేసిందే. పక్కన సింహాద్రి గారు గుండ్రటి అక్షరాలతో రాశారు: ఇరవై ఆరు వేళ్ళు.

ఫైలు నా చేతికి వచ్చింది. పైడమ్మ లేవబోతూ మళ్ళీ అందరి తలలూ చూసింది. "ఇంట్లో టోపీలేటి బాబూ. అది ఎండకీ వానకీ గదా. తీసి గోడకి తగిలించండి, తలకాయలకి గాలి తగలాల."

మంగతాయారు గారు తేదీ వేసి, నంబరు వేసి, ఆ మాటని సర్క్యులర్‌గా నమోదు చేశారు. అందరూ తీశారు. పట్టాభిరామయ్య గారి నుదుటిమీద ఎర్రటి చార ఒకటి బయటపడింది. రెండు నెలల తరవాత ఆయన తనివితీరా తల గోక్కున్నారు. ఉత్తర్వు అందరికీ కాబట్టి పైడమ్మ కూడా తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాంతో ఆఫీసులో అధికారి అన్నవాళ్ళు లేకుండా పోయారు. ఆ పూట పద్నాలుగు ఫైళ్ళు కదిలాయని తరవాత సింహాద్రి గారు చెప్పారు. నేనప్పటికి గంగన్నపేట బస్సులో, మాడిన అరటికాయ వేపుడు తింటున్నాను. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ఆ టోపీల ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. దాన్ని రద్దు చేయాలంటే ఇరవై నాలుగు వేళ్ళ అంచు కావాలి. నా నాలుగు వేళ్ళది పూర్తిగా ముడుచుకుని, ఇప్పుడు మా వంటింట్లో వెల్లుల్లిపాయలకి సరిగ్గా సరిపోయింది. తొలకరికి పైడమ్మ మాకు రెండు టోపీలు పంపింది, బాగా ఎండిన ఆకువి. ఏది ఎవరిదని మా ఆయన స్కేలు పెట్టి కొలిచారు. రెండూ ఒకే కొలత. వానలో పక్కపక్కన నడుస్తుంటే అంచులు కొట్టుకుంటాయి. ఎవరో ఒకరు తల వంచాలి. వంతులు వేసుకున్నాం.

తరవాత కొన్నాళ్ళకి ప్రధాన కార్యాలయం నుంచి మెమో వచ్చింది. నా బదిలీ ఉత్తర్వుపై వేలిముద్ర వేసిన అధికారి పేరు, హోదా, ఏ అధికారముతో వేసినదీ వారం రోజుల్లోగా తెలియజేయవలెనట. కింద సంతకం ఉంది. పక్కన అంచు వెడల్పు మాత్రం లేదు.

నేను వెంటనే జవాబు రాశాను. "పేరు: పైడమ్మ. హోదా: ఇరవై ఆరు వేళ్ళు. అడుగుతున్నవారివి ఎన్ని వేళ్ళో తెలిపినచో మిగతా వివరములు సమర్పించబడును."

అయిదు వారాలైంది. ఇంకా కొలుచుకుంటున్నట్టున్నారు.